రత్నం పిన్ని జాడీకి పోటీగా నాలుగు సీసాలు

ఊరు పొలిమేర దాటకుండా చేసింది కూడా యాత్రేనా అని నాతో వాదించాలనుకునేవాళ్లు, ముందు ఆఫీసులు వదిలే వేళ ప్రగతి నగర్ నుంచి తెల్లాపూర్ దాకా కారు నడిపి రండి. తర్వాత వాదిద్దాం. ఆ లోగా మా తెనాలివాళ్లు విజయవాడ వెళ్లి, చీర కొని, నచ్చలేదని మార్చుకుని ఇంటికి కూడా చేరిపోతారు.

మేము బయల్దేరింది వైన్ కోసం. అందులోనూ కాబర్నే అనే రకం కోసం. అదొక నల్ల ద్రాక్ష. తోలు మందం, గింజ పెద్దది, తినడానికి కాదు, పిండడానికే పుట్టింది. పుట్టిల్లు ఫ్రాన్సు. చిలీ, దక్షిణాఫ్రికా, మన నాసిక్, నంది కొండలు, ఎక్కడ నాటితే అక్కడ కాపురం పెట్టేస్తుంది. పండు ఒకటే అయినా నేల మారితే రుచి మారుతుందంటారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి వెళ్లామని పైకి చెప్పాను. లోపలి కారణం వేరు.

మా చెల్లెలు శాంతి కూతురు ఎస్తేరుకి పెళ్లి కుదిరింది. మా ఇళ్లలో పెళ్లి విందులో కేకు కోశాక అందరికీ ఒక గుక్కెడు వైన్ పోస్తారు. మా కుటుంబంలో అది ఎప్పుడూ మా రత్నం పిన్ని జాడీలో చేసినదే. నల్ల ద్రాక్ష, పంచదార, గోధుమలు, దాల్చినచెక్క, లవంగాలు. మూతికి గుడ్డ కట్టి మంచం కింద పెడుతుంది. పెళ్లిలో తనే గరిటెతో పోస్తుంది. పోసినవాళ్లే దీవెన మాట చెప్పాలని మా ఇంటి పద్ధతి. "ఈ గ్లాసు ఖాళీ అయినా మీ ఇల్లు ఖాళీ కాకూడదు" అంటుంది. నా పెళ్లిలో అంది, శాంతి పెళ్లిలో అంది.

ఎస్తేరు మాత్రం హైటెక్ సిటీలో ఉద్యోగం, ఆఫీసువాళ్లతో కలిసి నాసిక్ తోటలకి వెళ్లొచ్చిన పిల్ల. "పెద్దమ్మా, మా టీమ్ అంతా వస్తారు. అబ్బాయివాళ్లకి వైన్ గురించి బాగా తెలుసు. చిన్నమ్మమ్మ వైన్ పోస్తే..." అని ఆగింది. ఆగిన చోటే నాకు ఒళ్లు మండింది.

"పందెం కడతాను" అన్నాను. "నాలుగు ప్రాంతాల కాబర్నేలు తెస్తాను. ఏది ఏదో తెలియకుండా పోస్తాను. తాగి చెప్పండి. పిన్నిది గెలిస్తే పెళ్లిలో పిన్నే పోస్తుంది."

"సీసా రెండు వేలు దాటకూడదక్కా" అంది శాంతి. చెల్లెలు కదా, పందెంలో కూడా పొదుపే.

నా పథకం మీతో చెప్పడానికి సిగ్గేమీ లేదు. నాలుగు నాసిరకం సీసాలు తేవాలి, పిన్ని గెలవాలి. అంతే.

ప్రగతి నగర్

పిన్ని చెరువు పక్క సందులో రెండో అంతస్తులో ఉంటుంది. మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయింది. ఇప్పటికీ తెల్ల చీరే. నేను వెళ్లేసరికి గుడ్డసంచీ, ఫ్లాస్కు నిండా టీ, ఉడకబెట్టిన గుడ్లు సర్దుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"గుడ్లెందుకు పిన్నీ? గంట దూరంలో హోటళ్లే."

"నీ గంట సంగతి నాకు తెలుసులే" అంది. ఆ మాటే నిజమైంది. ఒక ఫ్లైఓవర్ మీదే రెండేసి గుడ్లు తిన్నాం.

కారు ఎక్కాక అడిగింది. "ఓడిపోతే ఏంటే ప్రమీలా?"

"ఓడిపోవు."

"ముందే చెప్పు. ఓడిపోతే?"

"వాళ్ల సీసాలే పెడతారు."

"సరే. న్యాయంగానే ఉంది" అని సీటు బెల్టు పెట్టుకుంది. సీసాలు ఏరడానికి నా నాలుక నీకెందుకే అని అనలేదు. తన వైన్‌కి పోటీ వచ్చే సీసాల్ని తనే వచ్చి ఎంచడమేంటని కూడా అనలేదు. నేనే పిలిచాను. రుచి తెలిసిన మనిషి పక్కనుంటే బాగుంటుందని. నాసిరకం కొనడానికి రుచి తెలిసిన మనిషెందుకని అప్పుడు నాకు తట్టలేదు.

నిజాంపేట రోడ్డు

మన ఊళ్లో మందు దుకాణం బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది. లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. ఇనుప జాలీ వెనక ఒకాయన, జాలీ ముందు మగ జనం. మమ్మల్ని చూసి జనం రెండుగా చీలిపోయారు, ఎర్రసముద్రంలా.

"ఏం గావాలె మేడమ్? బీరా?"

"వైన్" అన్నాను.

"ఇది వైన్సే మేడమ్."

"బోర్డు చదివాం బాబూ" అంది పిన్ని. "లోపలుందా అని."

ఇంతలో పక్క నుంచి "నమస్తే మేడమ్" అని వినిపించింది. గడ్డం నెరిసిన మనిషి. కుడి చేత్తో దండం, ఎడమ చెయ్యి వీపు వెనక. నా దగ్గర ఇంటర్‌లో ఎకనమిక్స్ చదివాడట. ఏ సంవత్సరమని అడిగితే ఆ ఎడమ చెయ్యి ఇంకా లోపలికి పోయింది.

"జర జరుగుండ్రి భయ్యా, మా మేడమ్" అని దారి చేసి, జాలీలోకి కేకేశాడు. "అన్నా, గా మీది అరల ఎర్ర సీసలుంటయి గదా, తియ్యి."

రేకుల కప్పు కిందున్న అర మీద నుంచి దుమ్ము పట్టిన నాసిక్ కాబర్నే దిగింది. వెయ్యికి అటూ ఇటూగా. బేరమాడబోయాను. "గవర్నమెంటు రేటు మేడమ్, నన్ను సంపినా తగ్గది" అన్నాడు జాలీ వెనకాయన.

సీసా చేతిలోకి తీసుకోగానే పిన్ని మొహం మారింది. "వేడిగా ఉందే. దీనికి జ్వరం" అంది. వద్దు, వేరే చోట చూద్దామంది. నేనే పట్టుబట్టి కొన్నాను. ఆ ప్రయాణంలో పథకం ప్రకారం నేను చేసిన పని అదొక్కటే.

వెళ్లనివాళ్ల కోసం ఒక మాట. ధర ఎక్కడైనా ఒకటే కాబట్టి చల్లగా ఉన్న దుకాణంలోనే కొనండి. గిట్టుబాటు అంటే తక్కువ ధర కాదు, పెట్టిన ధరకి చెడిపోని సరుకు.

మాదాపూర్

ఇక్కడ దుకాణానికి అద్దాల తలుపులు, లోపల చలి, సన్నటి సంగీతం. జాలీ లేదు. సీసాలు పడుకుని ఉన్నాయి, దేశాల వారీగా, వార్డులో రోగుల్లాగా. ఆ పోలిక పిన్నిది.

నల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చింది. "మేడమ్, ఏ రీజియన్ చూస్తున్నారు? మీ బడ్జెట్ ఎంత?"

"బడ్జెట్ చెప్తే సీసా ధర సరిగ్గా అంతకే వచ్చి ఆగుతుంది. ముందు సీసాలు చూపించమ్మా."

ఆ అమ్మాయి నవ్వింది. గాజువాక పిల్లట, మణికొండలో హాస్టల్లో ఉంటోందట. "మా ఇంట్లో నేను చెప్పుల షాపులో చేస్తున్నానని చెప్పానండి" అంది మెల్లిగా. పిన్ని వెంటనే "మా వాళ్లు నన్ను నర్సింగ్‌లో చేరుస్తుంటే మా తాతయ్య ఇంట్లోంచి పొమ్మన్నాడమ్మా" అంది. అంతే, ఇద్దరూ ఒకటైపోయారు. పావుగంట సేపు నేను అక్కడ లేనట్టే.

తప్పు అక్కడ జరిగింది. అడుగున ఒక బుట్టలో పేరూ ఊరూ లేని సీసాలున్నాయి. తీగ మీద కాక కర్మాగారంలో పుట్టినట్టున్నాయి. మిగతా మూడూ అవే తీసుకుంటే పని అయిపోయేది. చెయ్యి కూడా పెట్టాను. పెట్టి వెనక్కి తీసుకున్నాను. ఇరవయ్యేళ్లు పిల్లలకి వస్తువు విలువ వేరు, ధర వేరని పాఠం చెప్పిన నోరు. ఆ అమ్మాయి ముందు, పిన్ని ముందు, చెడ్డ సరుకు కొని గెలిచానని నాకు నేను చెప్పుకోలేకపోయాను. పైగా నా జబ్బు నాకుంది. రెండు వేల లోపు మంచిది దొరకదని ఎవరైనా అంటే, దొరుకుతుందని నిరూపించేదాకా నిద్రపట్టదు.

"రెండు వేల లోపు మంచివి కష్టం మేడమ్" అంది ఆ అమ్మాయి. ఇంకేముంది!

గంటసేపు వాదించి మూడు తీశాను. చిలీది పదిహేడు వందలు. దక్షిణాఫ్రికాది పంతొమ్మిది వందలు, బెరడు బిరడాతో. నంది కొండలది పదమూడు వందలు. ప్రతి సీసాకీ పిన్ని ఒకటే ప్రశ్న. "కొండ మీద తోటా, కింద తోటా?" ఎందుకంటే కొండ మీద రాత్రి చలికి తోలు గట్టిపడుతుందట. ఎక్కడ విన్నావంటే, "మన కొండ ప్రాంతం సీతాఫలం తినలేదా నువ్వు?" అంది.

మణికొండ

భోజనానికి మెస్‌లో ఆగాం. గోంగూర, దోసకాయ పప్పు, మాగాయ, గడ్డ పెరుగు. ప్లేటు నూట అరవై. మా తెనాలిలో ఆ ధరకి ఇద్దరు తిని, ఇంటికి ఒక కూర కట్టించుకుంటారు. గోంగూర మాత్రం బాగుంది. బాగుందని నేను అనడం అరుదు.

ఎండ దంచేస్తోంది. సీసాల సంచీ కారులోనే వదిలేద్దామన్నాను. నిజం చెప్పాలంటే కావాలనే అన్నాను. ఒక గంట చాలు, ఆ మూడింటికీ జ్వరం వస్తుంది.

పిన్ని నా మొహంలోకి చూసింది. "పందెం కట్టాక ఎదుటివాడి పుంజుని ఎండలో కట్టేస్తారా?" అని సంచీ భుజానికి తగిలించుకుంది. మెస్‌లో పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

నాలుగు సీసాల మెడలు చూసి ఓనరమ్మ పరుగున వచ్చింది. "అమ్మా, ఇక్కడ మందు కుదరదండి. ఫ్యామిలీస్ వస్తారు."

"తాగడానికి కాదమ్మా. ఎండ తగలకుండా."

"మనుషులకి లేని ఏసీ సీసాలకాండి!" అంది ఆవిడ. అందరూ నవ్వారు. సంగతి తెలిశాక మాత్రం తనే సంచీ తీసుకెళ్లి పెరుగు ఫ్రిజ్‌లో పెట్టింది. "మాది చిలకలూరిపేటండి. మా అత్తగారు కూడా క్రిస్మస్‌కి ఇలాగే జాడీ పెట్టేదండి. ఆవిడ పోయాక జాడీ అలాగే ఉంది, పని తెలిసినవాళ్లే లేరు" అని పిన్నికి ఇంకో గరిటె పప్పు వేసింది. పందెంలో మీరే గెలవాలండి అంది.

తెచ్చుకున్న మిగతా గుడ్లు పిన్ని ఆవిడకే ఇచ్చి వచ్చింది.

తెల్లాపూర్

శాంతివాళ్ల విల్లాల గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. పేరు, విల్లా నంబరు, ఫోనుకి వచ్చే అంకెలు. సొంత చెల్లెలి ఇంటికి వీసా. ఆ ఖాళీలో కంకులు కాల్చే ఒక పెద్దామె దగ్గర రెండు కంకులు కొన్నాం. ఒక్కోటి ముప్పై. సంచీ చూసి అడిగింది.

"గా సంచిల ఏంది అవ్వా?"

"ద్రాక్ష వైన్ అమ్మా."

"అంగూర్‌దా? గీడ మొత్తం అంగూర్ తోటలే ఉండె. గా నీళ్ల ట్యాంకి కాడ మాది. పందిళ్లేసి పెంచినం. ఇప్పుడు మా పందిరి జాగల ఈతకొలను తవ్విండ్రు." కంకి మీద నిమ్మచెక్క రుద్దుతూ మళ్లీ అడిగింది. "ఏ ఊరివి గవి?"

పిన్ని వరసగా చెప్పింది. నాసిక్, నంది కొండలు, చిలీ, దక్షిణాఫ్రికా.

"మా తెల్లాపూర్‌ది లేదా?"

"లేదమ్మా" అంది పిన్ని, అది తన తప్పయినట్టు.

గేటు తెరుచుకుంది.

శాంతి డైనింగ్ టేబుల్

రంగు కనబడకూడదని స్టీలు గ్లాసులు పెట్టాను. గుర్తుకి ఒక్కో గ్లాసు పక్కన ఒక్కో గింజ: కంది, పెసర, మినుము, శనగ, బఠాణీ. ఆ ఇంట్లో బిరడా తీసే పరికరం లేదు. వైన్ తెలిసిన పెళ్లికూతురు గల ఇల్లు! గరిటె కాడతో పొడిస్తే బిరడా లోపలికి పోయింది, దక్షిణాఫ్రికా కాస్త పిన్ని తెల్ల చీర మీదికి వచ్చింది. "రక్తం మరకలు ఉతికినదాన్ని, ఇదొక లెక్కా" అంది.

పోసేదాన్ని నేను. తాగేవాళ్లు శాంతి, ఎస్తేరు, పిన్ని. పోయిన క్రిస్మస్ నాటి జాడీ వైన్ సీసాలో తెచ్చి దాచాను. దాన్ని చివర పెట్టాను. పాఠంలో ముఖ్యమైన మాట చివర చెప్తే గుర్తుండిపోతుంది కదా. అదీ నా తెలివి.

మొదటిది నాసిక్. "ఉడికిపోయింది" అంది పిన్ని. మిగతా ఇద్దరూ తల ఊపారు. నాసిక్ తప్పు కాదది, రేకుల తప్పు. రెండోది దక్షిణాఫ్రికా. "కట్టెల పొయ్యి మీద వండిన కూర." మూడోది చిలీ. "పచ్చి క్యాప్సికం కోసిన చెయ్యి."

నాలుగోది నంది కొండలు. పిన్ని ఒక గుక్క తాగి ఆగింది. ఇంకో గుక్క తాగింది. "నేరేడు పళ్లు తిన్న నోరులా ఉందే. వగరే. కానీ పోతూ పోతూ తీపి వదిలిపెట్టింది" అంది. పందెం చేజారిందని అప్పుడే నాకు అర్థమైంది. పదమూడు వందలకి అంత మంచి సీసా వెతికి పట్టిన ఘనత నాదే మరి.

ఐదో గ్లాసు. బఠాణీ గింజ. పిన్ని తాగింది, మొహం చిట్లించింది, నర్సు గొంతుతో అంది.

"ఎవరిదమ్మా ఈ దగ్గు మందు?"

ఎస్తేరు తల వంచుకుంది. శాంతి ఫ్రిజ్ వైపు చూసింది. నేను వంటింటి గుమ్మంలో ఆ సీసా పట్టుకుని నిలబడ్డాను. వగరు మీద వగరు నాలుగు గ్లాసులు తాగిన నోటికి మన పంచదారా లవంగం ఇంకెలా తగులుతాయి?

పిన్ని గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఓహో" అంది. "నాదేనా."

ముందు తేరుకున్నది ఎస్తేరే. "చిన్నమ్మమ్మా, నీళ్లు తాగి మళ్లీ తాగు. ఆ చేదు మీద ఏదైనా అలాగే ఉంటుంది. ఇది లెక్కలోకి రాదు."

"నచ్చిన రిపోర్టు వచ్చేదాకా రక్తం ఇస్తూ కూర్చుంటామా?" అని నవ్వింది పిన్ని.

"వరస తప్పు పిన్నీ" అని నేను మొదలుపెట్టాను. "నీది ముందు పోయాల్సింది."

"ముందు పోస్తే ఆ నాలుగూ చేదు కషాయాలయ్యేవి. అదీ న్యాయం కాదుగా." శనగ గింజని వేలితో శాంతి వైపు జరిపింది. "ఇదే పెట్టండి. ధర కూడా నీకు కలిసొస్తుంది."

ప్రపంచంలో ఎవరితోనైనా వాదించగలను. తన మీదే తీర్పు చెప్పుకున్న మనిషితో ఎలా వాదించాలో నాకు తెలియలేదు.

పెళ్లి విందు

నంది కొండలది కేసులకి కేసులు వచ్చింది. పొడుగు కాడ గ్లాసుల్లో క్యాటరింగ్‌వాళ్లు పోశారు. మైకు పట్టుకున్న ఒకాయన దీవెన చెప్పాడు, ఇంగ్లీషులో, జోకులతో. ఎస్తేరు ఆఫీసువాళ్లు బాగుందన్నారు. మా బంధువులు ఒక్క గుక్క తాగి గ్లాసులు టేబుళ్ల కింద పెట్టేశారు.

"ఇదేంటండీ ఇంత వగరు? రత్నమ్మగారి వైన్ లోపల దాచారా?" అని తెనాలి బావగారు గట్టిగానే అడిగారు.

"ఇది మంచి వైన్ అండి" అంది పిన్ని. "నెమ్మదిగా తాగండి, చివర తీపి తెలుస్తుంది." తన గ్లాసు పూర్తిగా తాగింది. ఆ టేబుల్ మీద ఖాళీ అయిన గ్లాసు అదొక్కటే.

కాసేపటికి ఎస్తేరు తెల్లగౌను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మా దగ్గరికి వచ్చింది. చేతిలో గ్లాసు. పిన్ని ముందు వంగింది.

"చిన్నమ్మమ్మా, ఆ మాట చెప్పవూ? అమ్మ పెళ్లిలో చెప్పావట కదా."

పిన్ని పిల్ల చెంప నిమిరింది. "అది పోసినవాళ్లు చెప్పాలమ్మా" అంది.

పిల్ల ఆ గ్లాసు అలాగే పట్టుకుని వెళ్లింది.

మళ్లీ ప్రగతి నగర్

పెళ్లి హడావిడి తగ్గాక ఒక మధ్యాహ్నం వెళ్లాను. చేతిలో నల్ల ద్రాక్ష, దాల్చినచెక్క. దారంతా వాదనలు సిద్ధం చేసుకున్నాను. క్రిస్మస్‌కి ఇంకా టైముంది, మెస్ ఓనరమ్మకి పని నేర్పాలి, ఎస్తేరు కూడా అడుగుతోంది, ఇలా.

మంచం కింద జాడీ లేదు. వంటింట్లో గట్టు కింద ఉంది. గుడ్డ లేదు, పింగాణీ మూత పెట్టి ఉంది. తీసి చూశాను. కొత్త చింతపండు, ఉప్పు చల్లి, మెడ దాకా కూరి ఉంది. తల దించి వాసన చూశాను. పులుపు కింద ఎక్కడో లవంగం ఇంకా ఉంది.

"ద్రాక్ష తెచ్చావా? మంచిదే, కడిగి ఇస్తాను, తిందాం" అంది పిన్ని వెనక నుంచి.

"మరి క్రిస్మస్‌కి ఎలా పిన్నీ?"

"బాటిల్ తెచ్చుకోవే" అంది, నా చేతిలోంచి సంచీ అందుకుంటూ. "దారి తెలిసింది కదా."